ట్రాలర్ బోటులో ఏ లేఅవుట్ మేలు: వెనక కేబినా, సెడానా, పైలట్‌హౌసా?

నీటిగువ్వ:

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ మీరు రాసినవి చదువుకుంటూ పోవడమే, ఎప్పుడూ ఏమీ అడగలేదు, ఇప్పుడు ఇంట్లో పంచాయితీ తెగట్లేదు కాబట్టి అడుగుతున్నా. కొంచెం పొడుగైతే ఏమీ అనుకోకండి.

రిటైరయ్యాక నేనూ మా ఆవిడా ఒక ట్రాలర్ టైప్ (చేపల పడవ ఆకారంలో, నింపాదిగా నడిచే) మోటర్‌బోటు కొనుక్కుని ఏడాదిలో మూడు నాలుగు నెలలు దాంట్లోనే గడపాలని ప్లాన్. స్పీడ్ పిచ్చి లేదు, ఏడెనిమిది నాట్ల మీద నింపాదిగా వెళ్తే చాలు. 36 నుంచి 42 అడుగుల మధ్యలో, పాతదే. ఒక ఇంజనా రెండా అనేది వేరే గొడవ, దాన్ని ఇక్కడ కెలకొద్దు ప్లీజ్.

మూడు రకాలు ఎక్కి చూశాం. మొదటిది ట్రైకేబిన్, అంటే వెనకాల ఓనర్ బెడ్‌రూం, దానికి సొంత బాత్రూం, మధ్యలో మెట్లెక్కితే సలూన్ (కూర్చునే హాలు), మళ్ళీ అటువైపు మెట్లు దిగితే ముందు ముక్కులో ఇంకో బెడ్, ఇంకో బాత్రూం. రెండోది యూరోపా అంటారే, సెడాన్ లాంటిది, వెనకాల చూరు కింద వరండాలా కాక్‌పిట్, అక్కణ్ణుంచి సలూన్‌లోకి నేరుగా నడిచెళ్ళిపోవచ్చు, పడక గదులు రెండూ ముందు వైపు కిందే. మూడోది పైలట్‌హౌస్, స్టీరింగ్‌కి విడిగా ఎత్తు మీద ఒక గది, వెనకాల సలూన్, కింద గదులు.

మా ఆవిడ మొదటిది చూడగానే ఆ వెనక బెడ్‌రూంలో కూర్చుండిపోయింది, ఇదే ఇల్లులా ఉంది ఇంకేం చూడక్కర్లేదు అంది. నాకేమో పైలట్‌హౌస్‌లో నిలబడితే ఏదో పెద్ద ఓడ కెప్టెన్‌ని అయిపోయినట్టు అనిపించింది, నిజం చెప్పాలిగా. తనకి కుడి మోకాలు ఆపరేషన్ అయింది, మెట్లు ఎక్కగలదు కానీ రోజంతా ఎక్కి దిగడం కష్టం. అప్పుడప్పుడు మా అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలు వచ్చి ఓ వారం ఉంటారు. రాత్రిపూట ప్రయాణాలు చెయ్యం, చీకటి పడేలోపు లంగరు వేసేస్తాం లేదా జెట్టీకి కట్టేస్తాం.

వాడినవాళ్ళు చెప్పండి, చూసినప్పుడు కనపడకుండా కొన్నాక బయటపడే సంగతులు ఏంటి?

పాతచుక్కాని:

నీటిగువ్వ గారూ, పదకొండేళ్ళు ట్రైకేబిన్ వాడాను కాబట్టి ముందు దాన్ని పొగిడి తర్వాత తిడతాను.

మీ ఆవిడకి నచ్చడంలో తప్పేం లేదండీ. రెండు జంటలు ఒకే బోటులో ఉన్నప్పుడు ఇంతకు మించిన లేఅవుట్ లేదు, ఎందుకంటే మీ గది ఒక కొసన, వాళ్ళ గది ఇంకో కొసన, మధ్యలో సలూన్ అంతా అడ్డం. ఎవరి బాత్రూం వాళ్ళకి. పొద్దున్నే లేచి టీ పెట్టుకున్నా ఎవరికీ నిద్ర చెడదు (గ్యాలీ, అంటే వంటగది, సలూన్‌లో ఉంటే లెండి, కింద ముందు గది పక్కన ఉంటే మాత్రం అబ్బాయి వాళ్ళు లేస్తారు). గ్రాండ్ బ్యాంక్స్ 36 అనే బోటు మోడల్ 1965లో మొదలైంది చూడండి, దాని క్లాసిక్ లేఅవుట్ ఇదే, వెయ్యికి పైగా తయారయ్యాయి, తర్వాత ఎంతోమంది అదే పద్ధతి పట్టుకున్నారు. ఊరికే అంత నడవలేదు.

ఇక తిట్లు. మెట్లు. మా బోటులో వెనక కేబిన్ నుంచి సలూన్‌కి ఐదు, సలూన్ నుంచి ముందుకి నాలుగు, సలూన్ తలుపులోంచి పక్క డెక్ మీదకి రెండు, వెనక కేబిన్ కప్పు మీదకి ఇంకో మూడు, ఫ్లైబ్రిడ్జ్‌కి (కప్పు మీద ఉండే రెండో స్టీరింగ్ చోటు) ఏడు. బోటులో మెట్లంటే ఇంట్లో మెట్లలా ఉండవు, నిచ్చెనకి మెట్టుకి మధ్యస్తంగా ఉంటాయి, దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగాలి కొన్నిట్లో. ఒకరోజు సరదాగా లెక్కపెట్టాను, లంగరు వేసి ఎక్కడికీ కదలకుండా ఉన్న రోజు కూడా మేం ఇద్దరం కలిసి మూడొందల మెట్లు దాటేశాం. మోకాలు ఆపరేషన్ అయినావిడకి అది చిన్న సంగతి కాదు.

ఇంకోటి, దీన్ని ఎవరూ చెప్పరు: నీళ్ళ మట్టానికి దిగడం. వెనక కేబిన్ కప్పు ఎత్తుగా ఉంటుంది, దాని వెనకాల స్విమ్ ప్లాట్‌ఫాం (నీళ్ళ మట్టానికి దగ్గరగా ఉండే పలక) కిందెక్కడో ఉంటుంది, మధ్యలో నిట్టనిలువు నిచ్చెన. డింగీలోంచి (ఒడ్డుకి వెళ్ళొచ్చే చిన్న పడవ) సామాన్ల సంచులు పట్టుకుని ఆ నిచ్చెన ఎక్కడం ఉందే, ఒక చెయ్యి నిచ్చెనకి, ఒక చెయ్యి సంచికి, మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు. మేం చివరికి ఒక తాడుకి బకెట్ కట్టి నూతిలోంచి నీళ్ళు తోడినట్టు సామాన్లు పైకి తోడుకునేవాళ్ళం.

అబ్బాయి పిల్లల విషయంలో కూడా, ఆ కప్పు మీద రెయిలింగ్ ఉన్నా పిల్లలు ఆడుకుంటుంటే ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చోవాలి, చాలా ఎత్తు.

వెనక కేబిన్‌కి బయటికి పోయే దారి ఇంకోటి ఉందా లేదా అన్నది తప్పకుండా చూడండి. ఇంజను సలూన్ నేల కిందే ఉంటుంది, అక్కడ పొగ మొదలైతే మీ మెట్లదారే ముందు మూసుకుపోతుంది. కొన్నిట్లో వెనక చిన్న తలుపు ఉంటుంది, కొన్నిట్లో కప్పులో హ్యాచ్ (పైకి తెరుచుకునే మూత) ఉంటుంది, ఆ హ్యాచ్‌లోంచి మీ ఆవిడ పైకి రాగలరా అన్నది కొనకముందే ఎక్కించి చూడండి, మొహమాటపడకండి.

డీజిల్‌మావ:

పాతచుక్కాని అన్న చెప్పిన బకెట్ కథ చదివి నవ్వాగలేదు, మా బావది కూడా అదే బోటు, అదే బకెట్.

నాది యూరోపా, ఆరేళ్ళు అయింది. మోకాలి మాట వినగానే నేను ఇదే చెప్తాను. జెట్టీ నుంచి స్విమ్ ప్లాట్‌ఫాం, అక్కణ్ణుంచి వెనక చిన్న గేటు, కాక్‌పిట్, సలూన్, స్టీరింగ్ దాకా నా బోటులో ఒక్క గడప తప్ప మెట్టే లేదు. పగలంతా అక్కడే బతుకుతాం, రాత్రి పడుకోడానికి ఒకసారి దిగుతాం, పొద్దున ఎక్కుతాం, మధ్యలో బాత్రూంకి. ఆ బాత్రూం కిందే ఉంటుంది కాబట్టి మెట్లు సున్నా అని మాత్రం చెప్పను.

వర్షం పడుతున్నప్పుడు దీని అసలు విలువ తెలుస్తుంది. చూరు కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాం, పక్క డెక్‌లకి కూడా పైన కప్పు ఉంటుంది కాబట్టి తాళ్ళు సర్దడానికి వెళ్ళినా పెద్దగా తడవం, కిటికీలు తెరిచే ఉంచుకోవచ్చు.

ఇప్పుడు మైనస్‌లు, దాచను. ఒకటి, పొగ. బోటు ముందుకి పోతుంటే వెనకాల గాలి సుడి తిరుగుతుంది, వెనక తలుపు తెరిచి ఉంటే ఆ సుడి ఎగ్జాస్ట్‌ని తీసుకొచ్చి సలూన్‌లో పడేస్తుంది. కొన్న కొత్తలో సాయంత్రానికల్లా ఇద్దరికీ తలనొప్పి, నేనేమో ఎండ వల్ల అనుకున్నా, తర్వాత ఒకరోజు దిండు కవర్ వాసన చూస్తే డీజిల్! అప్పుడర్థమైంది. ఇప్పుడు వెళ్ళేటప్పుడు వెనక తలుపు మూసేసి ముందు కిటికీ తెరుస్తాం, కార్బన్ మోనాక్సైడ్ అలారం రెండు చోట్ల పెట్టాను. ట్రయల్‌కి వెళ్ళినప్పుడు వెనక తలుపు తెరిచి అరగంట నడిపించండి, వాసన వస్తుందో రాదో మీ ముక్కే చెప్తుంది.

రెండు, పడక గదులు రెండూ పక్కపక్కనే. మధ్యలో గోడ అంటే ప్లైవుడ్ పలకే. మా అన్నయ్య వాళ్ళు వచ్చినప్పుడు అర్ధరాత్రి టాయిలెట్ పంపు గర్రుమంటే బోటు మొత్తానికి తెలిసిపోతుంది ఎవరు లేచారో. ఈ సైజులో చాలావాటికి బాత్రూం ఒకటే, ఆరుగురు ఉన్నప్పుడు పొద్దున్నే క్యూ.

మూడు, ముక్కులో పడుకోవడం. లంగరు గొలుసు కింద రాళ్ళ మీద ఈడ్చుకుంటుంటే ఆ కరకర మొత్తం తల దగ్గరే వినిపిస్తుంది. గొలుసుకి స్నబ్బర్ (కుదుపు తగ్గించే సాగే నైలాన్ తాడు) తగిలించాక చాలా తగ్గింది. వెనక కేబిన్ వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు, వాళ్ళకి బోటు వెనక భాగం కింద, ప్లాట్‌ఫాం కింద నీళ్ళు చప్ చప్ మని చరుస్తాయి రాత్రంతా, అడగండి అన్నని.

పాతచుక్కాని:

ఒప్పుకుంటున్నా. చెవిలో దూది పెట్టుకుని పడుకున్న రాత్రులు ఉన్నాయి.

తీరందూరం:

పైలట్‌హౌస్ వాడేవాడిని నేనొకణ్ణి ఉన్నాను కాబట్టి దాని తరఫున రెండు ముక్కలు.

ముందు ఇది ఎందుకు పుట్టిందో చూడండి. రాత్రంతా నడపాలంటే స్టీరింగ్ దగ్గర చీకటి ఉండాలి. సలూన్‌లోనే స్టీరింగ్ ఉన్న బోటులో ఇంకొకరు లైటు వేసుకుని కూర్చుంటే ముందు అద్దంలో మీ సలూనే కనిపిస్తుంది తప్ప సముద్రం కనిపించదు. విడిగా గది ఉంటే తలుపేసుకుని చీకట్లో మీరు నడుపుతారు, వెనకాల వాళ్ళు లైట్లు వేసుకుని వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు. క్రోగెన్ 42 అనే పైలట్‌హౌస్ బోటు లాంటివాటిలో స్టీరింగ్ వెనకాలే చిన్న పడక కూడా ఉంటుంది, డ్యూటీ లేని మనిషి అక్కడే నడుం వాల్చొచ్చు, అవసరమైతే ఒక్క పిలుపుతో లేస్తాడు. నార్డ్‌హావెన్ 40 అనే బోటు ఒకటి 2001, 2002ల్లో ప్రపంచం చుట్టి వచ్చింది, అలాంటి ప్రయాణాలకి ఈ లేఅవుట్ బంగారం.

కానీ గురువుగారూ, మీరే రాశారు, రాత్రి నడపం అని. మరి రాత్రి కోసం కట్టిన గది మీకెందుకు? 40 అడుగుల్లో పైలట్‌హౌస్‌కి ఆరేడు అడుగుల పొడవు పోయిందంటే అది సలూన్‌లోంచి కోసిందే. పగలు నేను నడుపుతుంటే మా ఆవిడ నాతో కూర్చోవాలంటే పైకి రావాలి, టీ కావాలంటే వెనక్కి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. మేం ఇద్దరం ఒకే బోటులో ఉండి రెండిళ్ళ కాపురం చేస్తున్నట్టుంటుంది ఒక్కోసారి. వెనక్కి చూపు కూడా తక్కువ, జెట్టీకి వెనక్కి వచ్చేటప్పుడు కెమెరా మీద ఆధారపడతాను లేదా పక్క తలుపులోంచి సగం బయటికి వేలాడతాను.

ఆ పక్క తలుపు మాత్రం వదలొద్దు, ఏ లేఅవుట్ అయినా సరే. స్టీరింగ్ పక్కన బయటికి తలుపు ఉంటే గేర్ న్యూట్రల్‌లో పెట్టి ఒక్క అడుగులో డెక్ మీదకొచ్చి మధ్య క్లీట్‌కి (తాడు చుట్టి కట్టే కొమ్ము) తాడు వేసేయొచ్చు. ఆ తాడు ఒక్కటి పడితే బోటు ఆగిపోతుంది, మిగతావి నింపాదిగా కట్టుకోవచ్చు. ఆ తలుపు లేకపోతే తాడు పట్టుకుని జెట్టీ మీదకి దూకాల్సింది ఎవరు? మోకాలు ఆపరేషన్ అయినావిడ.

అన్నట్టు, క్రోగెన్ 42లో వైడ్‌బాడీ అని ఇంకో రకం ఉంది, సలూన్‌ని బోటు పూర్తి వెడల్పుకి లాగేస్తారు. లోపలికి వెళ్తే ఫంక్షన్ హాల్లా ఉంటుంది, మీ ఆవిడ దాన్ని చూస్తే పైవన్నీ మర్చిపోతారు. కానీ సలూన్ దగ్గర పక్క డెక్ ఉండదు, కాక్‌పిట్ నుంచి ముక్కుకి బయట నుంచి నడిచెళ్ళే దారి పోతుంది, లోపల్నుంచే వెళ్ళాలి. ఒక వైపే డెక్ ఉంచి రెండో వైపు తీసేసినవీ ఉంటాయి, వాటితో బతకొచ్చు, కాకపోతే జెట్టీ ఎప్పుడూ మనకి నచ్చిన వైపే రాదు.

వంటగట్టు:

అందరూ మగవాళ్ళే మాట్లాడుతున్నారు, గ్యాలీ గురించి ఒక్కరూ అడగలేదు. మూడు నెలలు బోటులో ఉంటే అక్కడ నిలబడేది ఎవరో తెలుసుగా.

మాది గ్యాలీ కింద ఉన్న బోటు, అంటే సలూన్ నుంచి మూడు మెట్లు దిగి ముందు గది పక్కన. కొన్నప్పుడు ఎంత పెద్దగా ఉందో అని మురిసిపోయాను, నిజంగానే పెద్దది, బోలెడు అరలు, సలూన్ అంతా ఖాళీగా సోఫాలకి మిగులుతుంది. మొదటి సీజన్ అయ్యేసరికి తెలిసింది నేను ట్రిప్ అంతా ఆ గోతిలోనే ఉన్నానని. పైన అందరూ డాల్ఫిన్లు డాల్ఫిన్లు అని అరుస్తున్నారు, నేను చెయ్యి కడుక్కుని మెట్లెక్కి వచ్చేసరికి నీళ్ళ మీద బుడగలు కూడా లేవు. బోటు నడుస్తున్నప్పుడు కింద కిటికీలోంచి ఆకాశమూ నీళ్ళూ మారి మారి కనిపిస్తుంటే కడుపులో తిప్పేది. కింద ఉంటే ఊగుడు తక్కువ అంటారు, మాట నిజమే, నీళ్ళ మట్టానికి దగ్గరగా ఉంటే పక్కకి విసిరేయడం తక్కువే, కానీ దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత కనపడకపోతే నాకు ఆ తక్కువ ఊగుడు కూడా ఎక్కువే.

పైన సలూన్‌లో ఉన్న గ్యాలీ అయితే అందరితో మాట్లాడుతూ పని చేసుకోవచ్చు, కాక్‌పిట్‌కి చెయ్యి చాపి ప్లేట్లు అందించొచ్చు. కాకపోతే సలూన్ ఇరుకవుతుంది, స్టవ్ వేడి అంతా కూర్చునే చోటే.

ఏదైనా సరే, నిలబడి నడుం ఆనించుకోడానికి వెనకాల ఏదో ఒక ఆసరా ఉండాలి. యు ఆకారంలో మూడు వైపులా గట్టు ఉంటే బోటు ఎటు ఒరిగినా తుంటి ఆనుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఒకే గోడకి బారుగా ఉండి వెనకాల ఖాళీ నేల ఉన్న గ్యాలీ ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది, అల వస్తే వేడి గిన్నెతో సహా వెళ్ళి అవతలి సోఫాలో పడతారు. గట్టు అంచుకి చిన్న గట్టు కట్టి ఉందా చూడండి, గిన్నెలు జారకుండా. ఫ్రిజ్ తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడండి, బోటు ఒరిగినప్పుడు లోపలివన్నీ కాళ్ళ మీదకి వస్తాయా అని.

నీటిగువ్వ గారూ, మీ మోకాలు గల ఆవిడతో నాకు ఒకసారి మాట్లాడాలని ఉంది, ఆవిడనే రాయమనండి.

నీటిగువ్వ:

నేను ఆవిడనే. ఆయన లాగిన్‌తో రాస్తున్నా, టైపింగ్ కొంచెం నెమ్మది.

ముందు అందరికీ థాంక్స్. వంటగట్టు గారూ, మీ డాల్ఫిన్ల ముక్క చదివాక ఆయన్ని పిలిచి పైకి చదివి వినిపించాను. నేను వెనక బెడ్‌రూం ఎందుకు కావాలన్నానో మా ఆయన సరిగ్గా రాయలేదు. గది అందం చూసి కాదు. మంచానికి రెండు వైపులా నిలబడే చోటు ఉంది, రాత్రి ఎవరి మీద నుంచీ పాకకుండా లేవొచ్చు. యూరోపాలో ముక్కు గదిలో మంచం వి ఆకారంలో ఉంది, కాళ్ళ వైపు సన్నగా, ఇద్దరి పాదాలూ అక్కడ గుద్దుకుంటాయి, పైగా లోపలికి ఎక్కాలంటే మోకాలి మీద బరువు వేసి పాకాలి. ఆపరేషన్ అయ్యాక నాకు ఆ మోకాలి మీద బరువు పెట్టి వంగడమే రాదు. మెట్లు నేను పట్టుకుని ఎక్కగలను, నెమ్మదిగా. పాకలేను. ఆయనకి చెప్పాను, ఆయన మెట్లు మెట్లు అని మీకు రాశారు.

డీజిల్‌మావ:

అక్కా, ఇది ముందే రాస్తే సగం గొడవ తీరేది 🙂

వి బెడ్ లేని యూరోపాలు కూడా ఉన్నాయి. ముక్కు గదిలోనే మధ్యలో ఐలాండ్ బెడ్ పెట్టి రెండు వైపులా నడిచే చోటు ఇచ్చినవి. 36 అడుగుల్లో దొరకడం కష్టమే, ఆ చోటు కోసం ఇంకేదో త్యాగం చేస్తారు, మామూలుగా రెండో గది పోతుంది. 42 దగ్గరికి వస్తే రెండూ ఇముడుతాయి. ఇంకో మాట, గ్రాండ్ బ్యాంక్స్ 42 ఒకే హల్ (బోటు అడుగు భాగం) మీద క్లాసిక్ అనీ యూరోపా అనీ మోటర్‌యాట్ అనీ మూడు రకాలుగా చేశారు, కాబట్టి అదే సైజులో మూడూ ఎక్కి పోలిస్తే తేడా అంతా లేఅవుట్‌దే అని ఖాయంగా తెలుస్తుంది. మీరు 36 ట్రైకేబిన్‌ని 42 పైలట్‌హౌస్‌తో పోలుస్తున్నారేమో, అది న్యాయం కాదు, ఆరడుగులు అంటే బోటులో ఒక గది.

కానీ ఐలాండ్ బెడ్ ఎత్తు చూడండి. కింద సొరుగులూ ట్యాంకూ పెట్టి మంచాన్ని నడుం ఎత్తుకి లేపేస్తారు, ఎక్కడానికి మళ్ళీ ఓ మెట్టు.

నట్టుబోల్టు:

లేటుగా వచ్చాను, ఇంజన్ల వాణ్ణి, నా బాధ నాది.

మీరంతా ఎక్కడ పడుకోవాలో మాట్లాడుతున్నారు, ఇంజన్ దగ్గరికి ఎలా దిగాలో ఒక్కరూ చూడట్లేదు. ట్రైకేబిన్‌లోనూ యూరోపాలోనూ ఇంజన్ సలూన్ నేల కిందే. అంటే రోజూ ఆయిల్ చూడాలంటే కార్పెట్ ఎత్తి, టేబుల్ జరిపి, బరువు పలక లేపాలి, ఆ టైంలో ఇంట్లో వాళ్ళంతా సోఫాల మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవాలి. పని కష్టమైతే మనిషి ఏం చేస్తాడు, రేపు చూద్దాం అంటాడు. రేపు చూద్దాం అన్నవాళ్ళ బోట్లే నా దగ్గరికి వస్తాయి. నిలబడి నడిచే ఇంజన్ రూం, దానికి తలుపు, ఈ సైజులో చాలా తక్కువ, పెద్ద పైలట్‌హౌస్ బోట్లలో దొరుకుతుంది. మీ సైజులో కనీసం చూడాల్సింది ఏంటంటే మెట్ల పలక తీస్తే పక్కనుంచి దిగే దారి ఉందా, ఫిల్టర్లూ బెల్టూ సముద్రపు నీళ్ళ పంపూ చేతికి అందుతున్నాయా అని. రెండింజన్లు ఉంటే బయటి వైపు, ఇంధనం ట్యాంకు పక్కన చెయ్యి దూరుతుందో లేదో పడుకుని చూడండి. (తెలుసు, ఇంజన్లు కెలకొద్దన్నారు, ఇది లేఅవుటే.)

పాత ట్రాలర్లలో ఇంకో సంగతి, కిటికీలు ఎక్కువ ఉన్న లేఅవుట్ అంటే కారే చోట్లు ఎక్కువ. టేకు ఫ్రేముల కిటికీల కింద మూలల్లో ప్లైవుడ్ నల్లబడిందా చూడండి, వేలితో నొక్కండి, మెత్తగా దిగిందంటే లోపల పుచ్చు. టేకు డెక్‌ని స్క్రూలతో బిగించినవైతే ఒక్కో స్క్రూ ఒక్కో కన్నం, నీళ్ళు డెక్ లోపలి పొరలోకి దిగుతాయి. ట్రైకేబిన్‌లో వెనక కేబిన్ కప్పు కూడా డెక్కే, అది కారితే నేరుగా మీ మంచం మీద. ఆ గదిలో పరుపు ఎత్తి కింద చెక్క వాసన చూడండి, పైన ఎంత రంగు వేసినా ఆ వాసన దాగదు.

పాతచుక్కాని:

నట్టుబోల్టు చెప్పింది వంద శాతం. నాది సరిగ్గా మంచం తల వైపే కారేది. రెండేళ్ళు గిన్నె పెట్టుకుని పడుకున్నాం.

నీటిగువ్వ గారూ, అమ్మగారూ, మళ్ళీ వెళ్ళినప్పుడు అమ్మే మనిషిని ఒక గంట బయట టీ తాగి రమ్మనండి. మీరిద్దరే ఉండి ఒక రోజు మొత్తం నటించి చూడండి. నిజంగా పడుకోండి, తలుపేసుకోండి. అర్ధరాత్రి లంగరు జారింది అనుకుని మంచం మీద నుంచి ముక్కు దాకా వెళ్ళండి, ఎన్ని మెట్లు, ఎన్ని తలుపులు, చేతికి పట్టు ఎక్కడెక్కడ దొరికింది. టాయిలెట్ మీద తలుపేసుకుని కూర్చోండి, మోకాళ్ళు తలుపుకి తగులుతున్నాయా. నవ్వుతారేమో, నేను అలా కూర్చోకుండానే కొన్నాను, పదకొండేళ్ళు పక్కకి తిరిగి కూర్చున్నాను.

నీటిగువ్వ:

ఇప్పుడు ఆయనే రాస్తున్నాను. నిన్న మళ్ళీ వెళ్ళొచ్చాం, రెండు బోట్లకి, పైలట్‌హౌస్‌ని నేనే పక్కన పెట్టాను (కెప్టెన్ కల అయిపోయింది, తీరందూరం గారి రెండిళ్ళ కాపురం మాటకి మా ఆవిడ బాగా నవ్వింది).

ట్రైకేబిన్‌లో అర్ధరాత్రి నాటకం ఆడాం. నేను మంచం మీద నుంచి లేచి ముక్కు దాకా వెళ్ళడానికి నలభై సెకన్లు పట్టింది, పగటి వెలుతురులో, బోటు కదలకుండా ఉన్నప్పుడు. కప్పు హ్యాచ్‌లోంచి తను పైకి రాలేకపోయింది, భుజాల దాకా వచ్చి ఆగింది, కింద మంచం తప్ప కాలు పెట్టుకోడానికి ఏమీ లేదు. అది అయ్యాక తను ఇంక ఆ గది గురించి ఏమీ మాట్లాడలేదు, పరుపు మాత్రం ఎత్తి చూసింది, కింద నల్లగా మరక ఉంది.

రెండోది డీజిల్‌మావ చెప్పినట్టు 42 యూరోపా, ముక్కులో ఐలాండ్ బెడ్, పక్కన చిన్న గదిలో ఒకదాని మీద ఒకటి రెండు పడకలు, గ్యాలీ పైన, స్టీరింగ్ పక్కన తలుపు ఉంది. మంచం ఎత్తు తనకి సరిగ్గా తొడ దగ్గరికి వచ్చింది, మెట్టు లేకుండా కూర్చుని వెనక్కి జరిగిపోయింది, రెండు సార్లు చేసి చూపించింది. అబ్బాయి వాళ్ళు వస్తే పిల్లలిద్దరూ ఆ పడకల మీద, వాళ్ళిద్దరూ సలూన్ సోఫా లాగితే అయ్యే మంచం మీద. వారమే కదా, సర్దుకుంటారు.

ఒక్కటే తేలట్లేదు. దీంట్లో బాత్రూం ఒకటే, దానికి రెండు తలుపులు, ఒకటి మా గదిలోంచి, ఒకటి బయట నడవాలోంచి. షవర్ విడిగా లేదు, టాయిలెట్ ముందే నిలబడి స్నానం చెయ్యాలి, పట్టుకోడానికి కడ్డీ లేదు, నేలంతా తడి. ఆ రెండో తలుపు మూసేసి ఆ చోటులో షవర్ కోసం చిన్న గూడు, ఒక కూర్చునే బల్ల, ఒక కడ్డీ పెట్టించడం ఎవరైనా చేశారా? ఆ గోడ పలక తీసేస్తే పైన డెక్‌కి ఆసరా పోతుందా అని నా భయం.

నట్టుబోల్టు:

తలుపు మూయడం సులువే, కానీ పక్క గదిలో పిల్లలు మీ గదిలోంచి రావాల్సి ఉంటుంది బాత్రూంకి, అది ఆలోచించారా. గోడ పలక మాత్రం ముట్టుకోకముందు అది హల్‌కి ఫైబర్‌తో అతికించి ఉందా లేక ఊరికే స్క్రూలతో నిలబెట్టారా చూడాలి. సొరుగు తీసి టార్చ్ వేసి, పలక హల్‌ని తాకే మూల ఫోటో తీసి పెట్టండి. అతుకు కనిపిస్తే దాని జోలికి పోవద్దు, కడ్డీ, మడిచే బల్ల వరకు చాలు. ఆ కడ్డీకి కూడా వెనకాల దిమ్మ ఉండాలి, ఒట్టి పలకకి స్క్రూ కొడితే మీ ఆవిడ బరువుకి ఊడి చేతికొస్తుంది.

నీటిగువ్వ:

శనివారం మళ్ళీ వెళ్తున్నాం, ఫోటో తీసి పెడతాను. "మీ ఆవిడ బరువుకి" అన్నది తను చదివింది.